ఓపిక సెలైన్ బాటిల్‌లో దొరకదు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా ఒకటో తేదీ తెల్లవారుతూనే సచివాలయం సిబ్బంది పింఛను డబ్బుతో గడప దగ్గరికి వస్తారు. మంచం మీదున్న పెద్దావిడ వాళ్లను చూసి లేవబోతుంది. రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి, ముందుకు ఊగి, మళ్లీ కూలబడి, రెండోసారికి గానీ లేవలేదు. 'కూర్చో మామ్మా, మేమే వస్తాం' అంటారు వాళ్లు. ప్రేమగా అన్న మాటే. మన ఇళ్లలోనూ రోజూ వినబడేదే. బిందె ఎత్తకు, మెట్లెక్కకు, నీకెందుకు నువ్వు కూర్చో. ఇలా కూర్చోబెట్టి కూర్చోబెట్టి పెద్దవాళ్లను మనమే మంచం పట్టిస్తున్నాం.

నీరసంగా ఉందని ఆవిడ అంటే ఊళ్లో జరిగేదేమిటో అందరికీ తెలుసు. ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ ఎక్కిస్తాడు. అరలీటరు మామూలు సెలైన్‌లో ఉండేది నీళ్లు, 4.5 గ్రాముల ఉప్పు. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినవాళ్లకు అది ప్రాణం పోస్తుంది. కండ కరిగిన కాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

వయసుతో పాటు కండ, బలం తగ్గిపోవడానికి 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ సార్కోపీనియా అని పేరు పెట్టారు. ఆ మరుసటి ఏడాదే అమెరికాలోని బోస్టన్‌లో వృద్ధుల ఆశ్రయ కేంద్రంలో ఉంటున్న, 90 ఏళ్లకు అటూ ఇటూ ఉన్న పదిమందితో 8 వారాలపాటు కాళ్లతో బరువులు ఎత్తించిన ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. చివరిదాకా చేసిన తొమ్మిదిమందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. 1994లో వచ్చిన ఇంకో పరిశోధనలో వందమందిని తీసుకున్నారు. కొందరికి వ్యాయామం, కొందరికి పోషకాల పానీయం, కొందరికి రెండూ. వ్యాయామం చేసినవాళ్ల బలం రెట్టింపుకు మించింది. పానీయం మాత్రమే తాగినవాళ్లకు బలం రాలేదు. అమెరికా నుంచి కొడుకు పంపిన ప్రొటీన్ డబ్బాను నమ్ముకుని కూర్చున్నవాళ్లు ఈ సంగతి గమనించాలి. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో చెప్పింది.

అలాగని తిండిని పక్కన పెట్టమని కాదు. ఇటుకలు లేకుండా మేస్త్రీ మాత్రం గోడెలా కడతాడు? పెద్దవాళ్ల రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, మజ్జిగ, సాయంత్రం కాఫీ, రాత్రికి ఇంత పెరుగన్నం. మధ్యలో శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి ఉపవాసం. మొత్తం కలిపినా ప్రొటీన్ 30 గ్రాములకు అటూ ఇటూ తేలుతుంది. మన దేశంలో పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలని లెక్క. 65 దాటినవాళ్లకు అది చాలదు, కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. ఈ లోటు పూడ్చడానికి డబ్బాలక్కర్లేదు. ఒక గుడ్డు 6 గ్రాములు, గ్లాసు పాలు మరో 6, గుప్పెడు వేరుశనగలు 7, రెండు పెసరట్లు పోసుకుంటే ఇంకో 10 దాకా వస్తాయి. 'ఈ వయసులో గుడ్డేంటి, వేడి చేస్తుంది' అనే మాటను ఇళ్లలోంచి ముందు సాగనంపాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

'రోజూ వాకింగ్ చేస్తున్నాంగా' అంటారు కొందరు. గుండెకు అది మంచిదే, కాళ్లకు బలం కావాలంటే మాత్రం బరువు పడాలి. 65 దాటినవాళ్లు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, లీటరు నీళ్ల బాటిల్ ఎత్తి దించడం. తేలిగ్గా అనిపించగానే బరువు పెంచాలి, ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. 'జన్మంతా నాట్లేసినదానికి ఈ కసరత్తులేంటి' అని నవ్వేవాళ్లుంటారు. నాట్లు మానేసి పదేళ్లయింది కదా మామ్మా! ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే పది రోజులు మంచం మీద ఉంటే కాళ్లలో దాదాపు కిలో కండ పోయిందని 2007లో ఒక పరిశోధన తేల్చింది. ఆపరేషన్ చేసి 'బెడ్ రెస్ట్' అని రాసి పంపించే డాక్టర్లు, ఏ రోజు నుంచి లేవాలో, ఎలా లేవాలో కూడా ఆ చీటీలోనే రాస్తే బాగుంటుంది.

ప్రభుత్వాల దగ్గర మాకున్న ఫిర్యాదు ఒకటే. బడి పిల్లలకు, గర్భిణులకు గుడ్డు పెట్టాలని తెలిసినవాళ్లకు, ముసలివాళ్ల దగ్గరికొచ్చేసరికి బియ్యం ఒక్కటే గుర్తొస్తోంది. ఆంధ్రలో రూ.4,000, తెలంగాణలో రూ.2,016 పింఛను వస్తోంది. అందులో ఎక్కువ మాత్రలకే పోతుంది. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా రోజుకొకటి చొప్పున నెలకు రూ.210. కనీసం ఒంటరిగా ఉంటున్న వృద్ధులకైనా అంగన్‌వాడీకి వచ్చే సరుకుతో పాటే గుడ్లు ఇవ్వొచ్చు. పల్లె దవాఖానాల్లో, విలేజ్ క్లినిక్‌లలో బీపీ, షుగర్ చూసే రోజునే పెద్దవాళ్లను అయిదుసార్లు కుర్చీలోంచి లేపి చూడొచ్చు. 12 సెకన్లు, అంతకు మించి పడితే కండ తగ్గిందేమో చూడాలని ఆసియా నిపుణులు 2019లో ఒక కొలత ఇచ్చారు. అలా తేలినవాళ్లకు వారానికి రెండు పూటలు అక్కడే కసరత్తు నేర్పాలి. నేర్పడానికి ఫిజియోథెరపిస్టు ఊరూరా దొరకరు కాబట్టి ఏఎన్ఎంలకే నాలుగు రోజులు శిక్షణ ఇవ్వాలి. వాళ్ల మీద ఇప్పటికే బోలెడు పని ఉంది, అందుకు తగ్గ అలవెన్సూ ఇవ్వాలి. రెండు రాష్ట్రాల్లోనూ చెరో మండలంలో వచ్చే ఒకటో తేదీ నుంచే ఇది మొదలుపెట్టి, ఆరు నెలల తర్వాత ఎంతమంది చేతులు ఆనించకుండా లేస్తున్నారో లెక్క చెప్పాలని అడుగుతున్నాం.