ఎక్స్ఎమ్ఎల్ఇన్‌క్లూడ్ జల్లెడ కాదు మహాప్రభో

డాట్‌నెట్‌లో ఆబ్జెక్టులని ఎక్స్ఎమ్ఎల్‌గా రాసి, తిరిగి చదివే ఎక్స్ఎమ్ఎల్‌సీరియలైజర్ వాడేవాళ్లలో సగంమంది అపోహ ఒకటే: బేస్ క్లాస్ మీద ఎక్స్ఎమ్ఎల్ఇన్‌క్లూడ్ అనే ఆట్రిబ్యూట్‌తో పేరు రాసిన డిరైవ్డ్ క్లాసులు ఫైల్లోకి వెళ్తాయి, రాయనివి ఆగిపోతాయి. ఆగవండీ, పేలతాయి!

ఉదాహరణకి ఒక లిస్ట్ ఉంది, పేమెంట్ అనే బేస్ క్లాస్ రకానిది. అందులో కార్డ్‌పేమెంట్, యూపీఐపేమెంట్, టెస్ట్‌పేమెంట్ ఉన్నాయి. టెస్ట్‌వి ఫైల్లోకి రాకూడదు. అందుకని టెస్ట్‌పేమెంట్‌కి ఇన్‌క్లూడ్ తీసేస్తే ఇన్‌వాలిడ్‌ఆపరేషన్‌ఎక్సెప్షన్ వస్తుంది. పై మెసేజ్‌లో ఏమీ ఉండదు, ఇన్నర్ ఎక్సెప్షన్ తెరిస్తేనే ఏ టైప్ దగ్గర ఆగిందో కనిపిస్తుంది. ఇన్‌క్లూడ్ చేసే పని ఆ టైప్‌ని పరిచయం చేయడం, ఎలిమెంట్ మీద అది ఏ టైపో చెప్పే ఎక్స్ఎస్ఐ:టైప్ రాయించడం. అంతే. ఎక్స్ఎమ్ఎల్అర్రేఐటెమ్‌తో టైపుకో ఎలిమెంట్ పేరు ఇస్తే ఆ ఎక్స్ఎస్ఐ:టైప్ గోల పోతుంది, కానీ అదీ వడపోయదు.

ప్రాపర్టీని రాయాలో వద్దో చెప్పే షుడ్‌సీరియలైజ్ మెథడ్ పెట్టమని ఇంకో సలహా తిరుగుతుంటుంది. అది ప్రాపర్టీని మొత్తంగా ఆపుతుంది, లిస్ట్‌లో ఒక్కో ఐటెమ్‌ని కాదు.

వడపోత కోడ్‌లోనే చేయాలి. సీరియలైజర్ ముట్టకుండా అసలు లిస్ట్ మీద ఎక్స్ఎమ్ఎల్ఇగ్నోర్ పెట్టండి. పక్కన ఇంకో పబ్లిక్ ప్రాపర్టీ రాసి, గెట్టర్‌లో టెస్ట్‌పేమెంట్ కానివాటిని మాత్రమే ఏరి ఇవ్వండి. అది అర్రే అయి తీరాలి. లిస్ట్‌గా ఇస్తే రాయడం బాగానే జరుగుతుంది, చదివేటప్పుడు కొంప మునుగుతుంది: సీరియలైజర్ మీ గెట్టర్ ఇచ్చిన తాత్కాలిక లిస్ట్‌లోకి యాడ్ చేసుకుంటూ పోతుంది, అసలు లిస్ట్ ఖాళీగా మిగులుతుంది, ఎర్రర్ కూడా రాదు. అర్రే అయితే మొత్తం చదివాక సెట్టర్‌ని పిలుస్తుంది, అక్కడ అసలు లిస్ట్ నింపుకోవచ్చు. సెట్టర్ రాయకపోతే మాత్రం ఆ అర్రేని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది.

ఇక డిరైవ్డ్ క్లాసులు వేరే అసెంబ్లీలో (డీఎల్ఎల్‌లో) ఉంటే బేస్ క్లాస్‌లో వాటి పేర్లు రాయలేరు, సర్క్యులర్ రిఫరెన్స్ అవుతుంది. అప్పుడు సీరియలైజర్ కన్‌స్ట్రక్టర్‌కి ఆ క్లాసుల జాబితాని ఎక్స్‌ట్రాటైప్స్‌గా ఇవ్వాలి. ఆట్రిబ్యూట్లని కోడ్‌లోంచి మార్చే ఎక్స్ఎమ్ఎల్ఆట్రిబ్యూట్‌ఓవర్‌రైడ్స్ అయినా కన్‌స్ట్రక్టర్‌కే ఇవ్వాలి. సీరియలైజర్ తన పని కోసం లోపల ఒక అసెంబ్లీని తయారుచేసుకుంటుంది. ఈ కన్‌స్ట్రక్టర్లతో తయారైనదాన్ని ఫ్రేమ్‌వర్క్ దాచుకోదు, పిలిచిన ప్రతిసారీ కొత్తది పుట్టిస్తుంది. ఒట్టి టైప్ ఇచ్చినా, టైప్‌తో పాటు డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఇచ్చినా మాత్రం దాచుకుంటుంది. లూప్‌లో న్యూ కొడుతూ, మెమరీ ఎందుకు పెరుగుతోందని సర్వర్‌ని తిట్టడం అన్యాయం. ఒకసారి సృష్టించి స్టాటిక్ ఫీల్డ్‌లో పెట్టండి. సీరియలైజర్ థ్రెడ్‌సేఫ్, లాక్ అక్కర్లేదు.