చాకోబార్ కింద బొచ్చె చేప

పోయిన ఎండాకాలం ఒక ఐస్‌క్రీం కంపెనీ మా కాలనీని దత్తత తీసుకుంది. కంపెనీ పేరు రాయను. చేసిన మేలు బయటికి చెప్పుకోవడం వాళ్లకు ఇష్టం ఉండదట. ఆ సంగతి నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర కట్టిన ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద వాళ్లే రాసుకున్నారు.

దత్తత అనగానే మా వీధి పెద్దమనుషులకు ఎక్కడలేని ఆశ పుట్టింది. మన దగ్గర దత్తపుత్రుడంటే కన్నకొడుకుతో సమానం, ఆస్తిలో వాటా ఉంటుంది. మా కాలనీలో రిటైరైన తహసీల్దారు ఒకాయన ఉన్నాడు. ఆయన సభలోనే లేచి, "అయ్యా, దత్తత అన్నరు గదా, మరి మా వాటా ఎంత?" అని అడిగేశాడు. వేదిక మీది కుర్ర ఆఫీసరు నవ్వి, "మీ వాటా చల్లదనం సార్" అన్నాడు. తర్వాత తలా ఒక కప్పు వెనిల్లా పంచారు. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు, నల్లగొండ. మూత తీసి చెక్క చెంచా కోసం వెతుక్కునేలోపు అది పాయసమైంది. మా వాటా మేం తాగేసి ఇంటికొచ్చాం.

ఎవరూ అపార్థం చేసుకోవద్దు, వాళ్లది లోపలి నుంచి పొంగుకొచ్చిన దయ. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ అని ఒకటుంది. ఏడాదికి 5 కోట్లు, ఆ పైన నికర లాభం వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలంటుంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. సరిగ్గా ఆ తారీఖు నుంచే చాలా కంపెనీల గుండె కరగడం మొదలైందంటే అది కాకతాళీయం, అంతే. మిగతా 98 శాతం సంగతేమిటని మా తహసీల్దారు అడగబోయాడు గానీ, అప్పటికే మైకు డీజే వాళ్ల చేతికి వెళ్లిపోయింది.

దత్తత తర్వాత మొదటి కార్యక్రమం పరుగు. ఎన్జీ కాలేజీ నుంచి క్లాక్ టవర్ దాకా, అందరికీ ఒకే రంగు టీషర్టు, వీపు మీద చాకోబార్ బొమ్మ. మారథాన్‌ల వంటి ఒక్కరోజు తంతులు సామాజిక బాధ్యత లెక్కలోకి రావని కేంద్రం 2014 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది కదా అని నాకు అనుమానం. ఆఫీసరుకు అనుమానాలేమీ లేవు. మారథాన్ అంటే 42 కిలోమీటర్లట, ఇక్కడ మనం పరుగెత్తింది దాన్ని మారథాన్ అనడానికి ఏ కోర్టూ ఒప్పుకోదట. చట్టాన్ని ఇంత లోతుగా చదివిన కుర్రాణ్ని నేను ఈమధ్య చూడలేదు.

చలివేంద్రం కూడా పెట్టారు. రెండు కుండలు, నాలుగు ఫ్లెక్సీలు. నాలుగో రోజుకు కుండలు ఎండిపోయాయి. ఫ్లెక్సీల్లో ఒకటి మాత్రం ఇప్పటికీ సేవ చేస్తోంది, మా పక్కింటి బర్రెల కొట్టం మీద పరదాగా. వానొస్తే ఐస్‌క్రీం తింటున్న హీరోయిన్ ముఖం మీంచే నీళ్లు కారతాయి.

ఇక నీళ్ల యంత్రం. మాది మునుగోడు వైపు ఊరు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు అంటే రాష్ట్రంలో అందరికీ ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది లెక్క. ఆ లెక్క తెలియక ముందే మా దగ్గర రెండు తరాల పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకర్లు పోయాయి, ముప్పై ఏళ్లకే నడుము ఒంగిపోయిన వాళ్లున్నారు. ఈ ఒక్క విషయంలో నాకు వ్యంగ్యం సరిగా రాదు, క్షమించాలి. కంపెనీ వాళ్లు మా ఊరి బడిలో నీళ్ల ఫిల్టరు పెట్టించారు. పక్కనే నల్ల గ్రానైటు ఫలకం. దాని మీద పదకొండు పేర్లు చెక్కించారు, ఫిల్టరుకు నల్లా మాత్రం ఒక్కటే. ప్రారంభోత్సవం రోజు ఫలకం మీది పరదా లాగడానికి అయిదుగురు చేతులు వేశారు, నల్లా తిప్పాలని ఎవరికీ గుర్తు రాక చివరికి అటెండరే తిప్పాడు. దసరా సెలవుల తర్వాత క్యాండిల్ మూసుకుపోయింది. హెడ్‌మాస్టరు ఫోన్ చేస్తే, "మెయింటెనెన్స్ మా స్కోపులో లేదు సార్" అన్నారట. గ్రానైటుకు మెయింటెనెన్స్ అక్కర్లేదు కాబట్టి అది నిగనిగలాడుతోంది. పిల్లలు ఇంటి దగ్గర్నుంచి సీసాలు తెచ్చుకుంటున్నారు. మా జిల్లాకు ఇది కొత్త పద్ధతేం కాదులెండి. 1955 డిసెంబరు 10న సాగర్‌కు నెహ్రూ వేసిన రాయి మొదలుకొని, 2015లో చౌటుప్పల్‌లో లేచిన మిషన్ భగీరథ పైలాన్ దాకా, మాకు ముందు రాయి వస్తుంది, వెనకాల ఎప్పుడో నీళ్లు వస్తాయి. కంపెనీ స్థానిక సంప్రదాయాన్ని గౌరవించింది.

వాళ్ల మూగజీవాల ప్రేమ గురించి కూడా చెప్పాలి. చిట్యాల దగ్గర మా బావకు రెండు బర్రెలున్నాయి. పొద్దున ఆరింటికల్లా క్యాను పట్టుకొని పాలకేంద్రం దగ్గర లైన్లో నిలబడతాడు. మిషన్లో చెంచాడు పాలు పోస్తారు, ఫ్యాట్ (వెన్న) ఎంత, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలల్లో ఉండే మిగతా ఘనపదార్థం) ఎంత అని చీటీ వస్తుంది. ఒక పాయింటు తగ్గిందా, రేటూ తగ్గుతుంది. ఎండాకాలం పచ్చిగడ్డి లేక బర్రె డీలా పడితే ఆ తప్పు కూడా మా బావదే. నీళ్లేమైనా కలిపావా అన్నట్టు ఒక చూపు చూస్తారు, అది అదనం.

ఆయనకు నేను ఐస్‌క్రీం గురించి రెండు ముక్కలు చెప్పాను. ఐస్‌క్రీం అని పేరు పెట్టాలంటే అందులో కనీసం 10 శాతం పాలకొవ్వు ఉండాలి. పాలకొవ్వు బదులు వనస్పతి జాతి నూనెలు వాడితే దాన్ని ఫ్రోజెన్ డెజర్ట్ అని రాయాలి. మా దత్తత తండ్రుల కప్పు మీద కూడా ఆ రెండు మాటలు ఉన్నాయి. సూది బెజ్జంలో దారం ఎక్కించగల చూపుంటే కనిపిస్తాయి. అంటే బర్రెకు శ్రమ లేదు, దూడకు లోటు లేదు. ఇంతకన్నా జీవకారుణ్యం ఏముంటుంది? ఎటూ ఇప్పుడు మన దగ్గర ఆయిల్‌పామ్ వేయమని ఊరూరా చెబుతున్నారు కాబట్టి, బావను కూడా బర్రెలమ్మేసి నాలుగు మొక్కలు నాటుకొమ్మన్నాను.

ఆయన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది గాలి. ఐస్‌క్రీం చేసేటప్పుడు మిశ్రమంలోకి గాలి కొడతారు, ఆ విద్యకు ఓవర్‌రన్ అని పేరు. లీటరు ఐస్‌క్రీం కనీసం 525 గ్రాములు తూగితే చాలు, చట్టం ఒప్పుకుంటుంది. లీటరు పాలు కిలో పైనే తూగుతాయని మా బావకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాసేపు లెక్క వేసుకున్నాడు.

"అంటే సగం గాలేనా?"

"దాదాపు."

"మరి నేను చెంబెడు నీళ్లు పోస్తే దొంగనెట్లయిత?"

"నీళ్లు కలిపితే కల్తీ బావా. గాలి కలిపితే టెక్నాలజీ."

నిజం చెప్పాలంటే గాలి లేకపోతే ఐస్‌క్రీం రాయిలా గట్టిపడి చెంచా దిగదు. అది దాని ధర్మం. బావకు ఆ ముక్క కూడా చెప్పాను గానీ ఆయన వినే స్థితిలో లేడు.

ఈ కంపెనీ వినయం ఎంతటిదంటే, చట్టం చెవి పట్టుకుని చేయించిన పనిని కూడా తన దానంగానే చెప్పుకుంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐస్‌క్రీం మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. మా దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ అయిన మర్నాడే ఫ్లెక్సీ లేచింది: 'ఆడపడుచులకు మా బతుకమ్మ కానుక'. అలాగే ప్లాస్టిక్ ఐస్‌క్రీం పుల్లలను దేశమంతా 2022 జులై 1 నుంచి నిషేధించారు. వీళ్లు తమ సభలో, 'భూమాత కోసం ప్లాస్టిక్ పుల్ల వదిలేశాం' అని తెర మీద వేసి చూపించారు. చప్పట్లు కూడా కొట్టాం.

మా చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చే ఐస్ బండాయన ఆ సభలో ఉంటే ఏమనేవాడో. ఆయన పుల్ల ఐసులో పుల్ల ఎప్పుడూ పుల్లే. సైకిల్ వెనక చెక్కడబ్బా, రబ్బరు బుడ్డి హారన్, సేమియా ఐసు, పాల ఐసు. చేతిలో పైసల్లేకపోతే తెగిన చెప్పు పట్టుకెళ్లేవాళ్లం. పగిలిన బకెట్‌కు రెండు ఐసులు, ఇనుప ముక్కకు బరువును బట్టి, కోతల రోజుల్లో దోసెడు వడ్లకు ఒకటి. మా నాయన కొత్త చెప్పుల్లో ఒకటి అలా సేమియా ఐసుగా మారిన రోజు నా వీపు ఏమైందో ఇక్కడ అప్రస్తుతం. ఊరి చెత్తంతా సాయంత్రానికి ఆయన సంచిలో ఉండేది. పిలగాండ్ల నోళ్లు ఎర్రగా ఉండేవి. ఇప్పుడు దీన్ని సర్క్యులర్ ఎకానమీ అంటారట, దాని మీద కంపెనీ వాళ్లు హైదరాబాద్‌లో ఒక పూట సదస్సు కూడా పెట్టారు, భోజనాలు బాగున్నాయని విన్నాను.

సభలో ఆఫీసరు ఒక అమెరికా కథ చెప్పాడు. 1978లో బెన్, జెర్రీ అనే ఇద్దరు మిత్రులు వెర్మాంట్ రాష్ట్రంలో పాత పెట్రోలు బంకులో ఐస్‌క్రీం దుకాణం తెరిచారు. అంతకుముందు ఆ విద్యను ఐదు డాలర్ల పోస్టల్ కోర్సులో నేర్చుకున్నారు. ఏడాదికోసారి ఊరందరికీ ఉచితంగా కోన్‌లు పంచారు, 1985లో ఫౌండేషన్ పెట్టి పన్నుకు ముందు లాభంలో 7.5 శాతం దానికిచ్చారు. "వాళ్లే మాకు స్ఫూర్తి" అన్నాడు. అక్కడితో ఆపితే బాగుండేది. ఉత్సాహంలో ఇంకో ముక్క జారవిడిచాడు. ఆ కంపెనీలో కింది ఉద్యోగి జీతానికి ఐదు రెట్ల కన్నా పైవాడి జీతం ఎక్కువ ఉండకూడదని మొదట్లో నియమం ఉండేదట. వెంటనే డెలివరీ ఆటో నడిపే పిల్లగాడు వెనకనుంచి, "సార్, నాకు పన్నెండు వేలు. అంటే ఎండీ సారుకు అరవై వేలేనా?" అని అడిగాడు. ఆఫీసరు కొంచెం నీళ్లు తాగాడు. ఆ నియమాన్ని 1990ల్లో వాళ్లే ఎత్తేశారని, 2000లో కంపెనీనే యూనిలివర్‌కు అమ్మేశారని తేరుకుని చెప్పాడు. అదీ స్ఫూర్తిలో భాగమే కాబోలు.

అసలు విషయం ఫ్రీజర్. మా వీధి మలుపులో కిరాణం నడిపే అక్కకు కంపెనీ ఒక డీప్ ఫ్రీజర్ ఇచ్చింది. డిపాజిట్ అక్కది, కరెంటు బిల్లు అక్కది, స్టిక్కరు కంపెనీది: 'మన ఊరు, మన బాధ్యత'. అందులో వాళ్ల సరుకు తప్ప ఇంకేదీ పెట్టకూడదని కాగితం మీద సంతకం.

మా వీధిలో సగం మంది ఒక్క గదిలో అద్దెకుండేవాళ్లు. కూలీలు, ఆటోవాళ్లు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. వాళ్లకు ఫ్రిజ్ ఎక్కడిది? ఆదివారం సాగర్ చేపలొస్తే, మిగిలింది సోమవారం దాకా అక్క ఫ్రీజర్లోనే. నల్ల కవరుకు ఒక ముడి ఉంటే టైలరుది, రెండు ముళ్లయితే ఆటో ఆయనది, ఎర్రదారం కడితే బీఈడీ పిల్లలది. బస్టాండ్ డ్యూటీకి పోయే కండక్టరు రాత్రే నీళ్ల సీసా ఇచ్చి పోతాడు, పొద్దున గడ్డకట్టింది తీసుకుంటాడు. పిల్లాడి కాలు బెణికినా ఐసు ముక్క అక్కడిదే. అక్క ఒక్క పైసా అడగదు. చాకోబార్‌కు కొంచెం చేప వాసన వస్తుందన్నది మాత్రం నిజమే, నేనూ తిన్నాను.

ఒక సోమవారం సేల్స్ ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. మూత జరిపి, కోన్‌లు తీసి, చాకోబార్లు తీసి, అడుగున రెండు ముళ్ల కవరు విప్పాడు. లోపల సగం బొచ్చె చేప, తలకాయ వైపు. చేపా ఆయనా ఒకరినొకరు కాసేపు చూసుకున్నారు. "ఇదేందమ్మా?" అన్నాడు. "ఆటో ఆయనది సారూ, జర దాచమన్నడు" అంది అక్క. ఐదు వందల జరిమానా రాశాడు. కారణం దగ్గర 'బ్రాండ్ స్వచ్ఛతకు భంగం' అని ఉంది. ఇంకోసారి దొరికితే ఫ్రీజర్ ఎత్తుకుపోతామన్నాడు. పోతూ పోతూ సాక్ష్యానికి ఫోటో తీసుకున్నాడు.

మొన్న కంపెనీ వార్షిక నివేదిక వచ్చింది. మందపాటి కాగితం, రంగుల బొమ్మలు. పరుగు ఉంది, గ్రానైటు ఉంది, తెర మీది పుల్ల ఉంది. సామాజిక సేవ అధ్యాయం తిప్పుతుంటే ఒక ఫోటో దగ్గర ఆగిపోయాను. మా అక్క ఫ్రీజరే. మూత సగం తెరిచి ఉంది, మూలన రెండు ముళ్ల నల్ల కవరు స్పష్టంగా కనిపిస్తోంది. కింద రాసింది: 'స్థానిక మత్స్యకారులకు, నిరుపేదలకు ఉచిత శీతల నిల్వ సౌకర్యం'.

పుస్తకం పట్టుకుని కొట్టుకు పోయాను. అక్క కళ్లజోడు పెట్టుకుని ఫోటో చూసింది, కవరు చూసింది, అక్షరాలు కూడబలుక్కుని చదివింది. నిండా సంతోషపడుతుందనుకున్నాను.

"మంచిగనే వచ్చింది తమ్మీ," అంది. "మరి నా ఐదు వందలు?"