ముఖారవింద జీర్ణోద్ధరణ

యాభై దాటిన మనిషి ముఖం ఉమ్మడి ఆస్తి. దాని పోషణభారం మనదే అయినా, దాని స్థితిగతుల మీద తీర్పు చెప్పే హక్కు అపార్టుమెంటు వాచ్‌మన్ మొదలుకొని పెళ్ళిపందిట్లో ఎదురయ్యే వేలువిడిచిన మేనమామ వరకు అందరికీ ఉంటుంది. మొన్న మాఘమాసంలో ఒక పెళ్ళిలో చేతిలో అక్షింతలు పట్టుకొని నిలబడి ఉండగా, అటువంటి పెద్దాయనే ఒకరు నన్ను ఎగాదిగా చూసి, "ఏమయ్యా, ఒంట్లో నలతగా ఉందా? ముఖం అలా పీక్కుపోయిందేం?" అని అడిగారు. నాకు ఏ నలతా లేదు. ముందురోజు రాత్రి నిండా ఎనిమిది గంటలు నిద్రపోయి, పొద్దున్నే గడ్డం గీసుకొని, శాయశక్తులా ప్రకాశిస్తూ వచ్చినవాణ్ణి. ఆ సంగతి చెప్పడానికి మాత్రం ముఖం చెల్లక, "అవునండీ, రెండు రోజులుగా కాస్త జ్వరం" అన్నాను. ఆ పరిస్థితిలో లేని జ్వరాన్ని ఒప్పుకోవడమే గౌరవప్రదంగా తోచింది.

శిథిలమైన గుడిని చూసి ఊరుకునే జాతి కాదు మనది. వెంటనే కమిటీ వేస్తాం, చందా పుస్తకాలు అచ్చు వేయిస్తాం, స్థపతిని పిలిపిస్తాం, చివరకు కుంభాభిషేకం జరిపిస్తాం. ఇరవై ఆరేళ్ళుగా పటమట నుంచి గాంధీనగర్‌కు రోజూ స్కూటరు మీద వెళ్ళి వస్తూ, విజయవాడ ఎండనూ దుమ్మునూ ఎదురేగి స్వీకరించిన ఈ ముఖానికి ఆపాటి మర్యాద చేయడం ధర్మమని నిశ్చయించుకొని, స్థపతి స్థానంలో ఒక చర్మవైద్యురాలిని ఆశ్రయించాను.

ఆవిడ ముందుగా రక్తపరీక్ష రాశారు. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ మందగించినా ముఖం పాలిపోయి, పొడిబారి ఇలాగే కనిపిస్తుందట; పునాదిలో చెమ్మ ఊరుతుంటే పైన సున్నం వేసి లాభం లేదు కదా. రెండూ సవ్యంగానే ఉన్నాయని తేలాక, వయసులో ఉన్నవారికి చర్మం పైపొర సుమారు నాలుగు వారాలకు ఒకసారి కొత్తదవుతుందనీ, నా వయసులో ఆ పని ఇంకా నింపాదిగా సాగుతుందనీ, రాలిపోవలసిన మృతకణాలు రాలక ఎగుడుదిగుడుగా పేరుకుపోయి, తేమ తగ్గి, వెలుతురు సమంగా పరావర్తనం కాకపోవడం వల్లనే ముఖం కళ తప్పినట్లు కనిపిస్తుందనీ వివరించారు. కాలం తీరినవారు కుర్చీ వదలకపోతే పైపొర ఎలా తయారవుతుందో, ఆఫీసులో పనిచేసేవాడికి ఒకరు చెప్పనక్కరలేదు. తరువాత ఆవిడ చీటీ మీద మూడు పంక్తులు రాశారు: ఒక తేలికపాటి ఫేస్‌వాష్, ముఖం పూర్తిగా తడి ఆరకముందే రాసుకోవలసిన ఒక మాయిశ్చరైజర్, ఎస్పీఎఫ్ (ఎండను ఆపే శక్తికి కొలత) 30కి తగ్గని ఒక సన్‌స్క్రీన్.

"ఇంతేనా మేడమ్?" అన్నాను.

"ఇంతేనండీ."

"మరి రాత్రిపూట?"

"రాత్రి ఎండ ఉండదు కదండీ. మూడోది మానేయండి."

గంటన్నర నిరీక్షించి, ఆరు వందల రూపాయలు సమర్పించుకున్న రోగికి ఇంతకు మించిన అవమానం ఉండదు. గుడి కట్టిస్తారని వెళ్ళినవాడి చేతికి చీపురు, బకెట్టు, గొడుగు ఇచ్చి పంపినట్లయింది.

మూడు వస్తువులతో ముగిసే పని మన ఇళ్ళలో ఏనాడూ నిలవలేదు. మా అమ్మ ఆ చీటీని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకొని చదివి, "దీనికి డాక్టరెందుకురా? వంటింట్లో లేనిదేముంది?" అని ఆ సాయంత్రమే అభిషేకం ప్రారంభించింది. పాల మీగడ, పెరుగు, నెయ్యి, తేనె, పసుపు, శనగపిండి వరుసగా వచ్చాయి. పంచామృతానికి చక్కెర ఒక్కటే లోటనుకుంటూ ఉండగా, దానిని కూడా ఒక నిమ్మచెక్క మీద అద్ది, "దీంతో గట్టిగా రుద్దు, నలుపంతా ఊడివస్తుంది" అని చేతికిచ్చింది. పులుపునూ క్షారాన్నీ కొలిచే పిహెచ్ లెక్కలో (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) మన చర్మం 5కు అటూ ఇటూ ఉంటుంది. పొద్దున ఒంటికి రుద్దుకొనే మామూలు సబ్బు 9, 10 మధ్య ఉంటుంది. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది. ఒకే పగటిపూట ఒకే చర్మాన్ని ఆ కొసకూ ఈ కొసకూ ఈడ్చి, సాయంత్రానికి అది మెరవలేదని నిష్ఠూరమాడగల ధైర్యం మనకే చెల్లింది. నిమ్మరసం తగిలిన చోట ఎండ పడితే మచ్చ తేలవచ్చునన్న సంగతిని ఆ వారంలోనే నా ఎడమ చెంప రూపాయి బిళ్ళంత మేర రుజువు చేసింది. పులిహోరలోకి పనికివచ్చిన కాయ ముఖానికి పనికిరాదా అన్న అమ్మ ప్రశ్నకు మాత్రం నా దగ్గర నేటికీ జవాబు లేదు.

సున్నిపిండితో నాకు తగాదా లేదని ఇక్కడే విన్నవించుకుంటున్నాను. పండగనాడు నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టించుకోవడంలోని సుఖం అనుభవించినవాడికే తెలుస్తుంది. దానిని రోజుకు రెండుసార్లు బరబరా రుద్దుకోమన్న శాస్త్రం మాత్రం నాకెక్కడా కనబడలేదు.

ఇంతలో ఈ వార్త హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కూతురికి చేరింది. "మూడేంటి బాబాయ్, కొరియాలో పది స్టెప్పులు" అంది జాలిగా. పదితోనే ఆగిపోయినందుకు నాకు కొరియావారి మీద జాలి కలిగింది, మనవి షోడశోపచారాలు. అయినా ఆ అమ్మాయి పంపిన పెట్టె విప్పి చూస్తే సంప్రదాయం ఎక్కడా తప్పలేదని తేలింది. ముందు నూనెతోనూ, ఆ తరువాత నురగతోనూ కడగడం అభ్యంగన స్నానం. దూదితో అద్దే టోనరు ఆచమనీయం. చుక్కలుగా పడే సీరం గంధం. కళ్ళకూ నోటికీ కంతలు పెట్టి ముఖం మీద పరిచే తడి షీట్ మాస్కు వస్త్రం. చివరగా సెల్‌ఫోన్ లైటు వేసుకొని తీసుకొనే సెల్ఫీ సాక్షాత్తు నీరాజనం. నైవేద్యం నెలనెలా జీతంలోంచి వెళుతుంది.

సీసాల మీది పేర్లు విడదీసి చూస్తే అంతా పాత చుట్టరికమే. నియాసినమైడ్ అంటే బి3 విటమిను. రెటినాల్ 'ఎ' విటమిను కుటుంబీకురాలు. వీటికి గుణం లేదని నేననను; చర్మవైద్యులే అవసరం చూసి రాస్తారు, ఒకటి అలవాటయ్యాక మరొకటి కలపమంటారు. నేను సంయుక్త మంత్రివర్గం పద్ధతిలో పెట్టెలోని నాలుగు సీసాలకూ ఒకే వారంలో ప్రమాణస్వీకారం చేయించాను. ఐదో రోజుకు ముఖం గుంటూరు మిరపకల్లంలా ఎర్రబడి, ముక్కు పక్కన చర్మం ఉల్లిపొరలా లేచింది. నాలుగింటిలో ముద్దాయి ఎవరో తేల్చడానికి ఆధారాలు దొరకలేదు. ఆఫీసులో జూనియర్ ఒకడు కుర్చీ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి, "సార్, ఒకసారి బీపీ చూపించుకోండి" అన్నాడు. మూత సరిగా బిగించని విటమిన్ సి సీసా గాలి తగిలి మూడు వారాల్లో బెల్లంపాకం రంగుకు తిరిగింది. చర్మం మారడానికే కనీసం నాలుగు వారాలు పడుతుందని డాక్టరు చెప్పగా, నా ముఖాన్ని పాలించిన ఏ క్రీముకూ నేను రెండు వారాలకు మించి పదవీకాలం ఇవ్వలేదు.

ఇక మా ఊరి బజారు బీసెంట్ రోడ్డులో, వాడిపోయిన ముఖానికి ఏదైనా ఇవ్వమని అడగడం ఎంత కష్టమో అడిగినవాడికే తెలుస్తుంది. "తెల్లబడడానికా సార్?" అన్నది షాపువాడి ఎదురుప్రశ్న. కళ తిరిగి రావాలయ్యా అంటే, "అదే సార్, గ్లో" అని అదే ట్యూబు తీసి ఇస్తాడు. అతని తప్పేమీ లేదు. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీగా దేశంలో అడుగుపెట్టిన క్రీము 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. కూతురికి పెళ్ళి సంబంధాలు చూసే తల్లిదండ్రులు ఇంకా మార్చుకోలేదు. నవ్వు రాని సంగతి ఒకటి చెప్పి ముందుకు సాగుతాను. మందుల షాపులో చీటీ అడగకుండా ఇచ్చే కొన్ని పూతమందులతో ముఖం వారంలో తేటపడినట్లే ఉంటుంది. అవి బీటామెథాసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు ఎర్రగా తేలి, మొటిమలు, అక్కరలేని వెంట్రుకలు వస్తాయి, మానేస్తే మంట. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇటువంటివి 14 రకాలను చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగిన షాపువాణ్ణి ఆ తరువాత కూడా నేను చూడలేదు.

పెట్టెలు అటక ఎక్కాక, చీటీలోని మూడింటి దగ్గరికే తిరిగి వచ్చాను. అందులో మూడోదే కొరకరాని కొయ్య. ఎస్పీఎఫ్ 30 ఎండలోని అతినీలలోహిత 'బి' కిరణాలను 97 శాతం వరకు ఆపుతుంది, 50 అయితే 98 శాతం. ధరలో తేడా మాత్రం ఒక్క శాతం దగ్గర ఆగదు. ఆ లెక్కలన్నీ రెండు వేళ్ళ పొడవునా పిండి ముఖానికీ మెడకూ పట్టించేవారికే వర్తిస్తాయట. అలా పిండితే 50 గ్రాముల ట్యూబు నెలన్నర వస్తే గొప్ప. మన గృహస్థ ధర్మంలో ఉగాదికి కొన్న ట్యూబు దీపావళికి కూడా ఉండాలి. అందుకని బొట్టు పెట్టుకున్నట్లు నుదుట ఒక చుక్క, చెంపలకు చెరొక చుక్క పెట్టుకొని, ఇది పనిచేయడం లేదని కంపెనీని తిడతాం. నేను మొదటిసారి శాస్త్రోక్తంగా రెండు వేళ్ళ నిండా పిండినప్పుడు మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏవండీ, అది ఇడ్లీలోకి చట్నీ అనుకున్నారా?" అని అడిగింది. రాసుకున్నాక విభూతి పూసుకున్నట్లు తేలిన ముఖాన్ని చూసి అమ్మ ఒక్కతే సంతోషించింది. మధ్యాహ్నం ఎండలో తిరిగే పని ఉంటే రెండు గంటలకొకసారి మళ్ళీ రాసుకోవాలి. కిటికీ పక్కన కూర్చున్నా సన్‌స్క్రీన్ తప్పదు, ఎందుకంటే అతినీలలోహిత 'ఎ' కిరణాలు అద్దంలోంచి కూడా వస్తాయి. సీనియారిటీ మీద పదిహేనేళ్ళు పోరాడి నేను సాధించుకున్నది కిటికీ పక్క సీటే.

"మీ నాన్న ఏం క్రీములు రాశారురా? ఎనభయ్యో ఏట కూడా ముఖం నిగనిగలాడేది. అంతా సున్నిపిండి మహిమ" అని అమ్మ నేటికీ వాదిస్తుంది. ఆయన ముఖం నిగనిగలాడిన మాట నిజం. అయితే ఆయన మాఘంలోనైనా, రోహిణికార్తెలోనైనా గొడుగు లేనిదే గడప దాటి ఎరుగరు. వంకీ పిడి ఉన్న ఆ నల్ల గొడుగు ఇప్పటికీ మా తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. దాని పేరు మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తరు. కీర్తి అంతా సున్నిపిండి కొట్టేసింది. స్కూటరు నడిపేవాడు గొడుగు పట్టుకోలేడు గనుక, ఈ కాలంలో దానిని ట్యూబులో పోసి అమ్ముతున్నారని నా సిద్ధాంతం.

శ్రావణమాసంలో మళ్ళీ ఒక పెళ్ళికి వెళ్ళవలసి వచ్చింది. అప్పటికి మూడు వస్తువులతో మూడు నెలలు నడిచాయి. అక్షింతలు చేతిలో ఉండగానే ఆ పెద్దాయన మళ్ళీ ఎదురయ్యారు. కళ్ళజోడు సరిచేసుకొని, నా ముఖాన్ని అటునుంచీ ఇటునుంచీ పరిశీలించి, సంతృప్తిగా తల పంకించి, "ముఖం కాస్త తేటపడిందయ్యా. రిటైరయ్యావా ఏం?" అన్నారు.

ఇంకా పదేళ్ళ సర్వీసు ఉందని ఆయనకు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. "అవునండీ" అన్నాను.