అడుగున్నర బోదె, రెండొందల మైళ్ల సముద్రం

నేను విదేశాంగ నిపుణుణ్ణి కాను. ముప్పై ఏళ్లు సర్వే గొలుసు పట్టుకుని పొలాల గట్ల మీద ఎండకు మాడినవాణ్ణి. రిటైరయ్యాక మధ్యాహ్నాలు టీవీ ముందు కూర్చుంటే, టై కట్టుకున్న పెద్దమనుషులు భారత్, పాకిస్తాన్‌ల సరిహద్దులోని సర్ క్రీక్ గురించి వాదించుకుంటూ కనిపించారు. వ్యూహం అన్నారు, సార్వభౌమత్వం అన్నారు. పది నిమిషాలు విన్నాక నాకు విషయం బోధపడింది. అరే, ఇది మా బోదె కేసే కదా!

బోదె కేసు ఏమిటో ముందు చెప్పాలి. ఇద్దరు అన్నదమ్ములు, పొలాల మధ్యలో మూడడుగుల పంట బోదె. బోదె అవతలి ఒడ్డు దాకా తనదేనని అన్న. కాదు, నడి బోదె వరకేనని తమ్ముడు. తేడా అడుగున్నర. దాని మీద సంక్రాంతికి మాటలు ఆగిపోయాయి, ఉగాదికి కర్రలు లేచాయి. నేను వెళ్లేసరికి అన్నగారు గట్టు మీద గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు. తమ్ముడు మోకాలి లోతు బురదలోంచి, "సర్వేయరు గారూ, ముందు మా అన్నయ్యను ఆ మేకు మీంచి కాలు తియ్యమనండి" అన్నాడు. పారీఖత్తు, అంటే పంపకాల కాగితం చూపించమంటే ఇద్దరూ తలో కాగితం తెచ్చారు. రెండూ ఒకేదానికి నకళ్లు. అందులో ఒక వాక్యంలో హద్దు 'బోదెకు తూర్పు ఒడ్డు' అని ఉంది, దాని కింది వాక్యంలో 'నడి బోదె' అని ఉంది. రాసిన కరణంగారు ఆ పూట రెండిళ్లలోనూ భోంచేశారని తర్వాత తెలిసింది. మరి హద్దు రాయి ఏదయ్యా అంటే, అది తమ్ముడి ఇంటి దొడ్లో బట్టలుతికే బండగా స్థిరపడి అప్పటికే పదేళ్లయింది.

ఇక సర్ క్రీక్. మన కచ్‌కూ పాకిస్తాన్‌లోని సింధుకూ నడుమ 96 కిలోమీటర్ల పొడవున సాగే ఉప్పునీటి కయ్య అది. అసలు పేరు బాణగంగ, తర్వాత ఎవరో దొరగారి పేరున సర్ క్రీక్ అయింది. ఆ నీళ్లు తాగడానికి పనికిరావు, సాగుకూ పనికిరావు. మడ చెట్లు, పీతలు, పాములు, దోమలు, రెండు దేశాల జవాన్లు. ఇదీ అక్కడి జనాభా.

1908లో కచ్ సంస్థానానికీ, అప్పట్లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఉన్న సింధు అధికారులకూ అక్కడ తగువు వచ్చింది. దేనికయ్యా అంటే, కట్టెలు ఎవరు కొట్టుకోవాలని. రెండు అణ్వాయుధ దేశాల మధ్య నేటికీ తెగని పంచాయితీ పొయ్యిలో కట్టెల దగ్గర మొదలైందంటే నిపుణులకు వింతగా ఉండొచ్చు. నా సర్వీసులో సగం కేసులు తాటిమట్టల దగ్గరే మొదలయ్యాయి.

ఆ తగువు తీర్చడానికి 1914లో బొంబాయి ప్రభుత్వం ఒక తీర్మానం రాసింది. అందులో 9వ పేరా, హద్దు క్రీక్‌కు తూర్పున ఉందంటుంది. 10వ పేరా, పడవలు తిరిగే నీటిపాయకు నడిపాయే హద్దన్న సూత్రాన్ని ఎత్తుకుంటుంది. పాకిస్తాన్ 9వ పేరాను, తూర్పు ఒడ్డున పచ్చ గీత ఉన్న బి-44 పటాన్ని పట్టుకుంది. మనం 10వ పేరాను, నడిపాయలో గుర్తులున్న 1925 నాటి బి-74 పటాన్ని పట్టుకున్నాం. ఆ తీర్మానం రాసిన దొరగారు ఆ పూట ఎక్కడెక్కడ భోంచేశారో ఎవరైనా పరిశోధన చేస్తే డాక్టరేట్ ఇవ్వొచ్చు.

పాకిస్తాన్ ఇంకో మాట కూడా అంటుంది. నడిపాయ సూత్రం పడవలు తిరిగే పాయలకే వర్తిస్తుంది, ఈ బురదలో పడవలెక్కడ తిరుగుతాయి అని. ఎందుకు తిరగవు, పోటు వేళ వచ్చి చూడండి అని మనం. వృత్తిరీత్యా నేను తేల్చి చెప్పగలను, ఇద్దరిదీ నిజమే. పోటు వచ్చినప్పుడు భారత్ వాదన పైకి తేలుతుంది, ఆటు వేళ పాకిస్తాన్ వాదన బురదలోంచి బయటపడుతుంది. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు తీస్తుంది కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు. కాలువ చివరి రైతులకు వంతులేసి నీళ్లు వదిలినట్టు క్రీక్‌ను ఆరేసి గంటల చొప్పున పంచేస్తే సరి. నీళ్ల వంతులు చూసే లస్కరును మాత్రం మూడో దేశం నుంచి తెచ్చుకోవాలి.

ఈ బురద కోసం ఇంత గొడవెందుకని మీరు అడగొచ్చు. బురద కోసం కాదు. క్రీక్ నోరు సముద్రంలో కలిసే చోటు నుంచే సముద్రంలోకి హద్దు గీత బయల్దేరాలి. ఆ మొదటి మేకు ఒడ్డున పాతుతారా, నడిపాయలో పాతుతారా అన్నదాన్ని బట్టి గీత పక్కకు జరుగుతుంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా, అంటే 370 కిలోమీటర్లు, చేపల మీదా అడుగునున్న చమురు, గ్యాస్ మీదా తీరదేశానికే హక్కు. ఒడ్డు దగ్గర వచ్చే తేడా చిన్నదే. లోపలికి పోయేకొద్దీ అది వేల చదరపు కిలోమీటర్ల నీళ్లకు లెక్కొస్తుంది. మూలరాయి జానెడు జరిపితే ఊరవతల ఎకరం పోతుందని మా చైన్‌మన్ ఊరికే అనేవాడు కాదు.

కొలతలు జరగలేదా అంటే జరిగాయి. 1965లో కచ్ రణ్ అనే ఉప్పు బయలు దగ్గర తుపాకులు పేలాక ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్ కూర్చుని, 1968లో పాకిస్తాన్ అడిగిన రణ్‌లో సుమారు పదో వంతు ఇచ్చి లేచింది. క్రీక్ జోలికి మాత్రం వెళ్లలేదు. 2007లో రెండు దేశాల సర్వేయర్లూ కలిసి క్రీక్‌ను కొలిచారు. అంతా ఎంతో మర్యాదగా జరిగింది. తర్వాత ఎవరి గీత వాళ్లు గీసిన పటాలు ఇచ్చిపుచ్చుకున్నారు. పెళ్లిచూపులకు వెళ్లి టిఫిన్ తిని, ఫొటోలు మార్చుకుని వచ్చేసినట్టు. 2025 దసరా రోజున మన రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ భుజ్‌లో జవాన్లతో ఉండి, కరాచీకి ఒక దారి ఈ క్రీక్ గుండా కూడా పోతుందని గుర్తుచేశారు. బోదె కేసులో అన్నగారు కూడా సరిగ్గా పండగ రోజుల్లోనే హెచ్చరికలు చేసేవాడు.

ఏమీ చేయకుండా కూర్చుంటే? అదీ ఒక పద్ధతే. బంగాళాఖాతంలో 1970 తుపాను తర్వాత న్యూమూర్ అనే ఇసుక దిబ్బ పైకి తేలింది. మాదంటే మాదని మనమూ బంగ్లాదేశూ పట్టుబట్టాం. 1981లో మన నౌక వెళ్లి జెండా కూడా పాతింది. 2010 నాటికి సముద్రమే దాన్ని మింగేసింది. ఆ తర్వాత 2014లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తగాదా నీళ్లు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు ఇస్తే మనం తలూపి ఊరుకున్నాం, మిన్ను విరిగి మీద పడలేదు. మా బోదె కూడా ఇప్పుడు లేదు. పైప్‌లైన్ వచ్చాక పూడిపోయింది. కేసు మాత్రం ఉంది, వాయిదా వచ్చే నెల.

నేల సంగతి ఇలా ఉంటే, ఆకాశానికి వస్తే నా గొలుసు అందదు. 1944లో చికాగోలో దేశాలన్నీ కూర్చుని, ఎవరి నేల మీది ఆకాశం వాళ్లదే అని రాసుకున్నాయి. ఎంత ఎత్తు వరకు అన్నది ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. పొడవు, వెడల్పు రాసి ఎత్తు వదిలేసిన పట్టా అన్నమాట. అసలు చిక్కు అది కాదు. కింద గట్టు ఎవరిదో తేలనిచోట పైనున్న గాలి ఎవరిదో ఎలా తేలుతుంది? 1999 ఆగస్టు 10న సర్ క్రీక్ దగ్గర పాకిస్తాన్ నౌకాదళ విమానం అట్లాంటిక్‌ను మన మిగ్-21 కూల్చింది. అందులో ఉన్న 16 మందీ పోయారు. మా ఆకాశంలోకి వచ్చిందని మనం, మా ఆకాశంలోనే ఉందని వాళ్లు. మనం శకలాలు తెచ్చి దిల్లీలో చూపించాం, వాళ్లు వాళ్ల వైపు పడ్డ శకలాల దగ్గరికి విలేకరులను తీసుకెళ్లారు. పాకిస్తాన్ హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టుకు వెళ్తే, ఈ కేసు వినే అధికారం మాకు లేదని 2000లో 14-2 తేడాతో చెప్పేశారు. మా తహసీల్దారు గారు కూడా ఫైలు బరువుగా ఉంటే ఇది మా పరిధిలోకి రాదనే రాసేవారు.

ఇప్పుడు ఆకాశాన్ని ఏకంగా మూసేసుకోవడం వచ్చింది. బాలాకోట్ మీద మన వైమానిక దాడి తర్వాత 2019 ఫిబ్రవరి 27 నుంచి జులై 16 దాకా పాకిస్తాన్ మూసింది. ఆ చుట్టుతిరుగుడులో జులై మొదటి వారానికే ఒక్క ఎయిరిండియాకే 491 కోట్లు పోయాయని మన మంత్రి పార్లమెంటులో చెప్పారు. పైనుంచి పోయే విమానాల రుసుము రాక తమకూ 850 కోట్ల పాకిస్తానీ రూపాయలు పోయాయని వాళ్ల మంత్రి చెప్పుకున్నారు. పక్కవాడి చేనుకు నీళ్లు పోకుండా బోదె కట్టేస్తే తన మళ్లు మునుగుతాయని మా అన్నగారికి కూడా ఆలస్యంగానే తెలిసింది.

పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు మళ్లీ తలుపేసింది. 30న మనమూ వేశాం. దీనికి నోటామ్ అనే కాగితం, అంటే విమానాలు నడిపేవాళ్లకు ఇచ్చే నోటీసు ఉంటుంది. పల్లెటూళ్లలో ప్రామిసరీ నోటుకు కాలదోషం పట్టకుండా మూడేళ్లకోసారి తిరగరాస్తారు. వీళ్లు ఆ ఏడాది పొడుగునా నెలనెలా తిరగరాశారు. వాళ్లు రాయడం, ఒకటి రెండు రోజుల్లో మనం రాయడం. అసలు తీరదు, వడ్డీ ప్రయాణికుడు కడతాడు.

ఫర్గానా నుంచి బాబర్ గుర్రమెక్కి దిల్లీ దాకా వచ్చాడు. దాదాపు 500 ఏళ్ల తర్వాత, దిల్లీ నుంచి అటే ఉన్న తాష్కెంట్‌కు ఇండిగో తన విమానాలను రద్దు చేసుకోవాల్సి వచ్చింది. చుట్టూ తిరిగి పోవడానికి వాటికి అంత దూరం ఎగిరే శక్తి లేదు. మా మేనల్లుడు దిల్లీలో అమెరికా విమానం ఎక్కి, దిగకుండానే వియన్నా చూశాడు. కిటికీలోంచి, ఇంధనం పోసుకుంటున్నంతసేపు. "మామయ్యా, వియన్నా బాగుంది, రెక్క అడ్డమొచ్చింది గానీ" అని మెసేజ్ పెట్టాడు.

వీళ్లకు పోయింది గంటలూ డబ్బులూ. ఇక గేదె సంగతి చెప్పాలి. బోదె కేసు నడుస్తుండగా అన్నగారి గేదె బోదె దాటి తమ్ముడి మినుము చేలో పడింది. తమ్ముడు దాన్ని చేలో పడ్డ పశువులను కట్టేసే బందెలదొడ్డికి తోలించాడు. మూడో రోజు అన్న బందె కట్టి విడిపించుకున్నాడు. దొడ్లో ఉన్న రెండు రోజులూ దానికి గడ్డి వేశారు, కుడితి పెట్టారు. అది ఎటు వైపు గేదో, ఏ ఉద్దేశంతో దాటిందో ఎవరూ విచారించలేదు.

2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ గస్తీ దళం పట్టుకుంది. ఊళ్లో జెట్టీ లేక, వేట గిట్టుబాటు కాక వేరావల్ దాకా వలసపోయి అక్కడి యజమానుల బోట్ల మీద పనిచేసేవాళ్లు. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న తిరిగి దేశంలో అడుగుపెట్టారు. ఎక్కడ? వాఘాలో. పట్టుకున్నది అరేబియా సముద్రంలో, వదిలింది పంజాబ్ గోధుమ చేల మధ్య. గేదెకు రెండు రోజులు, వీళ్లకు పదమూడు నెలల పైన. బోట్లయితే తిరిగి రావడం ఇంకా అరుదు.

2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. 2025 జనవరి జాబితాలో, పాకిస్తాన్ దగ్గర మన మత్స్యకారులు 217 మంది, మన దగ్గర వాళ్ల మత్స్యకారులు 81 మంది. గీత ఎక్కడుందో నూరేళ్లకు పైగా తేల్చుకోలేకపోయారు. దాన్ని దాటినవాళ్ల లెక్క మాత్రం ఒక్క తల తప్పకుండా ఉంది. రికార్డుల నిర్వహణలో ఇంత శ్రద్ధ మా శాఖలో నేనెన్నడూ చూడలేదు. కాబట్టి నా సలహా ఒక్కటే. రెండు దేశాలూ వెంటనే సముద్రానికి బందెలదొడ్డి నిబంధనలు వర్తింపజేయాలి. కుడితి తప్పనిసరి కాదు.

పోయిన ఎండాకాలం శ్రీకాకుళం వైపు ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, వేరావల్ నుంచి ఇంటికొచ్చిన ఒక తండేలు, అంటే బోటు నడిపించే పెద్ద, అరుగు మీద కూర్చుని చిరిగిన వల కడుతున్నాడు. అలవాటు కొద్దీ అడిగాను.

"రాయి లేదు, గట్టు లేదు. హద్దు ఎలా తెలుస్తుంది?"

"డబ్బాలో సూపిస్తాది బావూ" అన్నాడు, జీపీఎస్ గురించి.

"తెలిసి కూడా దాటేస్తారెందుకు మరి?"

"మేం దాటనేదు. రేతిరి ఇంజను ఆపి వలొదిలితే నీరే తోసుకుపోద్ది. ఆల బోటొచ్చి లైటేసినాక తెలస్తాది, దాటేసినామని." వల దారం పళ్లతో తెంపి, నా వైపు చూశాడు. "తమరు కొలతల బాబు గదా. తమరి గొలుసు ఎంత పొడుగుంటాది?"

"66 అడుగులు" అన్నాను.

ఒళ్లో ఉన్న వలను ఒకసారి చూసుకుని, ఏమీ అనకుండా మళ్లీ దారం ఎక్కించుకున్నాడు.