అన్నభేదితో మంచుయుగం రాదు, మైలుతుత్తంతో చేప పెరగదు

అదే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఈసారి చేపల సంఘాల గ్రూపుల్లోకి కూడా చేరింది కాబట్టి జవాబు రాయక తప్పడం లేదు. చదవనివాళ్ల కోసం దాని సారం: సముద్రంలో కంటికి కనపడని నాచుకు ఇనుము కరువు, అర ట్యాంకర్ ఇనుమిస్తే మంచుయుగం తెప్పిస్తానని ఒక అమెరికా శాస్త్రవేత్త 1988లోనే చెప్పాడు, పెద్ద కంపెనీలు తొక్కిపెట్టాయి, 2009లో మన దేశం చేసి గెలిచింది, లోకంలోని ఆక్సిజన్‌లో 80 శాతం ఈ నాచుదే, కాబట్టి మన చెరువుల్లో ఎకరానికి 10 కిలోల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), 5 కిలోల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లితే చేప రెట్టింపు. చివర రెండు చేతులు జోడించిన బొమ్మ, 'పది గ్రూపులకు పంపండి'.

ఆక్సిజన్ ముచ్చట ఒక్క మాటలో తేల్చేద్దాం. ఏటా కొత్తగా తయారయ్యే దాంట్లో సముద్రపు వాటా సుమారు సగం, అందులో దాదాపు అంతా సముద్రంలోని జీవాలకే ఖర్చయిపోతుంది. 80 ఎక్కడి నుంచి వచ్చిందో రాసినవాళ్లకే తెలియాలి.

తొక్కిపెట్టారట. మంచుయుగం మాటన్న ఆ శాస్త్రవేత్త జాన్ మార్టిన్, సగం సరదాగా అన్నాడు. ఇనుముతో నాచు పెరిగి, గాలిలోని కార్బన్‌ను పీల్చి, చచ్చి లోతుకు దిగితే భూమి చల్లబడుతుందన్నది ఆయన లెక్క. 1993లో ఆయన పోయిన కొద్ది నెలలకే తొలి ప్రయోగం నడిసముద్రంలో జరిగింది. 2009 దాకా ఇట్లాంటివి పదమూడు. ఓడలు వేసుకుని పోయి, చేసి, ఫలితాలు పత్రికల్లో అచ్చేశారు. తొక్కిపెట్టడమంటే ఇదేనేమో.

ఇక ఇనుము. మెసేజ్‌లో నిజమున్న చోటు ఇదొక్కటే, దాన్నే తలకిందులు చేశారు. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో నైట్రేట్, ఫాస్ఫేట్ దండిగా ఉన్నా నీళ్లు పచ్చబడవు. అక్కడ లీటరు నీటిలో కరిగిన ఇనుము చాలాచోట్ల గ్రాములో పది కోట్లవ వంతు మాత్రమే. నది లేదు, ఎగిరొచ్చే దుమ్ము తక్కువ. పైగా ఆక్సిజన్ ఉన్న ఉప్పునీటిలో ఇనుము తుప్పై అడుక్కి పోతుంది. ఏదో ఒక సేంద్రియ పదార్థం పట్టుకుని ఉంటేనే కాస్త నిలుస్తుంది. బత్తాయి ఆకులు పసుపెక్కితే అన్నభేది ద్రావణంలో నిమ్మ ఉప్పు ఎందుకు కలుపుతామో గుర్తు చేసుకోండి. కలపకపోతే కాసేపటికే డ్రమ్ములో నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ఆ ఇనుము ఆకుకు అందదు. సముద్రంలో జరిగేదీ అదే.

మరి మన చెరువుకు ఏం తక్కువ? నల్గొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం చెరువుకు పేరులో సముద్రం ఉంది గాని, దాంట్లోకి దిగే నీళ్లు ఎర్రమట్టిని కడుక్కుంటూ వస్తాయి. ఆ ఎరుపు ఇనుముదే. మన చెరువుల్లో పచ్చదనానికి సాధారణంగా అడ్డు పడేది ఫాస్ఫరస్, తర్వాత నత్రజని. అన్నభేది పోస్తే అది తుప్పుగా మారుతూ నీళ్లలో ఉన్న కాస్త ఫాస్ఫేట్‌ను కూడా పట్టుకుని బురదలోకి దింపుతుంది. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో ఫాస్ఫేట్ తీసేయడానికి ఇనుప లవణాలు వాడేది ఇందుకే. అంటే పచ్చదనం కోసం చల్లింది పచ్చదనానికే ఎసరు పెడుతుంది.

2009 గెలుపు సంగతి. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీవాళ్లు కలిసి చేసిన ఆ ప్రయోగం పేరు లోహాఫెక్స్. 300 చదరపు కిలోమీటర్ల మేర రెండు విడతల్లో సుమారు 20 టన్నుల ఐరన్ సల్ఫేట్ కలిపారు. ఎకరాల్లోకి మార్చి చూడండి, 270 గ్రాములు. అది కూడా పదుల మీటర్ల లోతున్న నీళ్లకు. మనవాళ్లు మీటరు లోతు చెరువుకు 10 కిలోలు పోయమంటున్నారు! పోనీ అక్కడేమైంది? మొదట్లో నాచు పెరిగింది. కానీ గాజు గూడు కట్టుకునే డయాటములనే నాచు లేవలేదు, ఆ గూటికి కావాల్సిన సిలికా ఆ నీళ్లలో అప్పటికే అయిపోయింది. పెరిగిన చిన్న నాచును రొయ్య జాతి పురుగులు మేసేశాయి, లోతుకు దిగిన కార్బన్ అతి స్వల్పం. ఏది తక్కువో తెలియకుండా ఇంకేదో పోస్తే సముద్రమైనా అంతే.

ఇప్పుడు మైలుతుత్తం. మిగతావన్నీ తప్పులు, ఇది మాత్రం నష్టం. 'రాగి కూడా పోషకమే, ప్రయోగశాలలో నాచుకు పోస్తారు' అని మెసేజ్ వాదన. పోస్తారు, నిజమే. సముద్ర నాచు పెంచే ఎఫ్‌/2 ద్రావణంలో లీటరుకు మైలుతుత్తం 10 మైక్రోగ్రాములు, పక్కనే ఆ రాగి విషం కాకుండా పట్టి ఉంచే ఈడీటీఏ అనే రసాయనం. మీటరు లోతున ఎకరం చెరువంటే సుమారు 40 లక్షల లీటర్లు. 5 కిలోలు పోస్తే లీటరుకు 1.2 మిల్లీగ్రాములు. నూట ఇరవై రెట్లు, ఈడీటీఏ లేకుండా. బత్తాయికి బంక తెగులొస్తే బోర్డో మిశ్రమంలో కలిపేది దీన్నే కదా? చెట్టు మీద బూజును చంపేది చెరువులో దిగగానే టానిక్ అయిపోతుందా?

అసలు మైలుతుత్తం చెరువుల్లో నాచును చంపే మందు. మోతాదు లెక్క: ఆల్కలినిటీని (నీళ్లలో కరిగిన కార్బొనేట్ల కొలత, లీటరుకు మిల్లీగ్రాముల్లో) వందతో భాగిస్తే మైలుతుత్తం లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. ఆల్కలినిటీ 120 ఉన్న చెరువుకు మెసేజ్ చెప్పిన మోతాదు అచ్చంగా నాచును చంపే మోతాదే! ఆల్కలినిటీ 50 లోపుంటే అసలు వాడకూడదు, చేపే చచ్చిపోతుంది. ఎండాకాలంలో నీళ్లు అర మీటరుకు దిగితే అదే 5 కిలోలు రెట్టింపు గాఢత. ముందు నాచు చస్తుంది, దాంతోపాటు బొచ్చె చేప తినే నీటి ఈగలు కూడా. చచ్చిన నాచు కుళ్లుతూ ఆక్సిజన్ లాగేస్తుంది, కొత్తగా ఇచ్చే నాచు లేదు. రెండు మూడు రోజుల్లో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. రాగి మాత్రం ఎటూ పోదు, బురదలో ఉంటుంది.

ఒకటి ఒప్పుకోవాలి. ఏ లోహమూ పుట్టుకతో విషమూ కాదు, పోషకమూ కాదు. ఇనుము దొరకని నీళ్లలో కొన్ని డయాటములకు ఇనుము లాక్కోవడానికి రాగే కావాలి. జింకు కరువైన చోట కాడ్మియంతో పని నడిపించే డయాటము కూడా ఉంది. ఇంకొకటి, మెసేజ్ రాసినవాళ్లకు తెలియనిది: 2004లో దక్షిణ మహాసముద్రంలో చేసిన ఇనుము ప్రయోగం ఐఫెక్స్‌లో పెరిగిన నాచులో కనీసం సగం వెయ్యి మీటర్ల లోతు దాటి దిగింది. మార్టిన్ మాట పూర్తిగా గాలిమాట కాదు. దాన్ని వాదనగా పెట్టి ఉంటే జవాబు రాయడం ఇంత తేలికయ్యేది కాదు.

పచ్చదనం తక్కువని అనుమానముంటే చేతిని మోచేతి దాకా నీళ్లలో ముంచండి. అరచెయ్యి కనపడకపోతే, ఆ మసక పచ్చదనందే గాని బురదది కాకపోతే, ఏమీ వేయనక్కర్లేదు. స్పష్టంగా కనిపిస్తే పేడ, సూపర్ ఫాస్ఫేట్ చూసుకోండి. ఇప్పటికే మైలుతుత్తం పోసినవాళ్లు మేత ఆపండి, వీలైతే కొత్త నీళ్లు పెట్టండి, రాత్రి రెండు నుంచి పొద్దెక్కే దాకా మోటారు పెట్టి నీళ్లను పైకి చిమ్మించండి.