మనిషి దిగినా సెంటు దిగదు

మా అపార్టుమెంట్ లిఫ్టులో ఆరుగురు పడతారని బోర్డుంది. అది తప్పు. మా వదిన ఎక్కితే ఐదుగురే పడతారు, ఆరో చోటు ఆవిడ సెంటుది. వదిన మూడో అంతస్తులో దిగిపోతుంది. సెంటు మాత్రం టెర్రస్ దాకా వస్తుంది.

డల్లాస్‌లో ఉండే వదిన మేనకోడలు పంపిన సీసా అది. బంగారు మూత, లోపల లేత గులాబీ నీళ్లు. ‘ఓ ద పర్ఫమ్’ రకం, అంటే నూటికి సుమారు 15 నుంచి 20 పాళ్లు అసలు సరుకే. ఒకటి రెండు సార్లు నొక్కితే చాలు. వదిన కొబ్బరినూనె లెక్కన వాడుతుంది.

దాని గుణగణాలను నేను శ్రద్ధగా అధ్యయనం చేశాను, తప్పించుకునే దారి లేక. మొదటి పది నిమిషాలు పండ్ల బండి. ఆ తర్వాత మల్లెలు, లిల్లీపూలు కలిసి పెళ్లి మండపం. మల్లెపూలలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. మరుగుదొడ్డి వాసనలోనూ అదే ఉంటుంది. కాస్తయితే పరిమళం, మోతాదు మించితే సంగతి మీకే తెలుసు. చివరికి మిగిలేది పీచుమిఠాయి. అది ఇథైల్ మాల్టాల్ అనే రసాయనం మహిమ. 1992లో ‘ఏంజెల్’ అనే ఫ్రెంచి సెంటు దాన్ని ధారాళంగా వాడి హిట్టయింది. అప్పట్నుంచి ఎన్ని సెంట్లు తిరనాళ్ల దారి పట్టాయో!

మూర మల్లెపూలు నయం. సాయంత్రం పెట్టుకుంటే పొద్దున్నకల్లా వాడిపోయి మర్యాదగా సెలవు తీసుకుంటాయి. ఇందులోని వెనీలా, మస్కు (కస్తూరి) వాసనలకు ఆ మర్యాద లేదు. తొందరగా ఆవిరి కావు, గుడ్డకు పట్టాయంటే మరీనూ. ఆదివారం అన్నవరం వెళ్తూ వదిన నా కారు ముందు సీట్లో కూర్చుంది. ఆ రోజు నడిపింది మా అన్నయ్య. బుధవారం నేనే ఆ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. ఆఫీసులో అటెండరు నా చొక్కా వైపు తిరిగి, “ఏంటి సార్, ఇవాళ ఏమైనా ఫంక్షనా?” అన్నాడు. నాకు యాభై రెండేళ్లు.

ఈ వ్యవహారంలో అసలు ద్రోహి ముక్కు. ఒకే వాసన కాసేపు తగిలితే ఇక పట్టించుకోవడం మానేస్తుంది. కాబట్టి ఊరందరికీ తెలిసే వాసన పూసుకున్నవాళ్లకే తెలియదు.

నిన్న ధైర్యం చేసి, “వదినా, ఆ సెంటు కాస్త...” అన్నాను.

“నువ్వూ గమనించావా!” అంది ఆప్యాయంగా. “మొదట్లో ఘుమఘుమలాడేదయ్యా. ఇప్పుడసలు వాసనే లేదు. పిల్ల డూప్లికేట్ ఏదో కొనుంటుంది” అంటూ ఇంకో నాలుగు సార్లు నొక్కింది.