‘యామ్ ఐ ఆడిబుల్?’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘యామ్ ఐ ఆడిబుల్?’ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. వీడియో కాల్‌లో జరిగే ఏ ఉద్యోగ ఇంటర్వ్యూలోనైనా అభ్యర్థి పేరుకన్నా ముందు ‘నా మాట వినబడుతోందా?’ అంటూ మీరే వినబడుతున్నారు. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ గారంతటి పెద్దమనిషి కూడా మీ తరవాతే కుర్చీ లాక్కుంటున్నారు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో మీకున్న పలుకుబడి ఏ కోచింగ్ సెంటరుకూ లేదు. జావా, ఎస్‌క్యూఎల్ వారాల తరబడి బట్టీపట్టే అభ్యర్థి, మైకు కోసం ఐదు నిముషాలు కేటాయించడు. మీ బతుకుతెరువంతా ఆ ఐదు నిముషాలే. దాన్ని దెబ్బతీయడానికే ఈ ఉత్తరం, అన్యథా భావించకండి.

మీ మహారాజపోషకుల్లో మొదటివి బ్లూటూత్ ఇయర్‌బడ్స్. పాటలు వినడానికి భేషుగ్గా ఉంటాయి. మైకు కూడా వాడాల్సి వచ్చేసరికి చాలావరకు పాటల పద్ధతి వదిలేసి ఫోన్‌కాల్ పద్ధతిలోకి దిగిపోతాయి. అప్పుడు వినబడేదీ నాసిరకమే, వెళ్లేదీ నాసిరకమే. పైగా డబ్బాలోంచి తీయగానే పక్కనున్న ఫోనుకి అతుక్కుంటాయి; ల్యాప్‌టాప్ అలా చూస్తూ ఉంటుంది. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్ అంటే మీకు ఎందుకు పడదో ఇప్పుడర్థమైంది. అందులోనూ మీకో చిన్న ఆశ ఉందనుకోండి: వైరు మీదుండే మైకు చొక్కా గుండీకి రాసుకుంటే అవతలివాళ్లకి గరగరమంటుంది. మైకు కింద వైరుని ఒక క్లిప్పుతో చొక్కాకి పట్టిస్తే ఆ ఆశా పోయినట్టే. వీడియో కాల్ యాప్ జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో మైకు టెస్టు నొక్కి రెండు ముక్కలు మాట్లాడితే మన గొంతు మనకే తిరిగి వినిపిస్తుంది. అలాంటిదే మరో యాప్ టీమ్స్‌లోనూ టెస్ట్ కాల్ ఉంది. ఇన్నేళ్లుగా అక్కడే ఉన్నా అవి ఎవరి కంటా పడకపోవడం మీ అదృష్టం.

గది విషయంలోనూ మీదే పైచేయి. ఖాళీ గోడల మధ్య కూర్చుంటే ప్రతి మాటా రెండుసార్లు పలుకుతుంది. మంచం మీద పరుపు, కిటికీకి దుప్పటి, తలుపు మీద తువ్వాలు ఉంటే ఆ ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది. అంటే హాస్టల్లో గది సర్దకపోవడం ఈ ఒక్క పనికి కలిసొస్తుంది. ఫ్యాను ఆపితే మే నెలలో అభ్యర్థి ముఖం మెరిసిపోతుంది, ఆపకపోతే మైకులో హోరు. కుర్చీని ఫ్యాను కింద నుంచి పక్కకి జరిపి, వేగం రెండులో పెడితే రెండు బాధలూ తీరతాయి. ఫ్యాను రొద లాంటి ఒకే తీరు చప్పుడుని, యాప్‌లో రొద తగ్గించే నాయిస్ సప్రెషన్ అణచగలదు. కుక్కర్ విజిల్‌నీ చెత్త బండి పాటనీ అంత తేలిగ్గా లొంగదీయలేదు. దాన్ని మరీ ఎక్కువ పెడితే అభ్యర్థి మాట చివర్లు కూడా మింగేస్తుంది, అప్పుడు మళ్లీ మీరే దిగుతారు.

ఇక నెట్టు. హైడెఫినిషన్‌లో ఇద్దరు మాట్లాడుకోవడానికి జూమ్‌కి పోనూ రానూ చెరో 1.2 ఎంబీపీఎస్ వేగం చాలు. వంద ఎంబీపీఎస్ ప్లాను ఉండి కూడా మీరెందుకు వస్తున్నారంటే, మధ్యలో రెండు గోడలున్నాయి. రౌటర్ అదే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై, గోడల అవతలుంటే 2.4, రౌటర్ని ల్యాప్‌టాప్‌కి కలిపే ల్యాన్ కేబులే దొరికితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. అసలు దెబ్బ కరెంటుతో వస్తుంది. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైను లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే ఇస్తారు, రౌటర్ ప్లగ్గుకి ఇవ్వరు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, నెట్టొక్కటే లేదు! కరెంటు క్షణంలో తిరిగొచ్చినా రౌటర్ లేచి కూర్చోవడానికి రెండు మూడు నిముషాలు పడుతుంది. అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి (ఎక్కువగా 12 వోల్టులే) దానికి సరిపడే మినీ యూపీఎస్ పెడితే మీ పని అయిపోతుంది. హాట్‌స్పాట్ నమ్ముకున్నవాళ్లు మాత్రం మీవాళ్లే. పైన చెప్పిన లెక్కన గంటకి సుమారు 1 జీబీ కావాలి. రోజుకి 1.5 జీబీ ప్యాకులో పొద్దున్నే సగం రీల్స్‌కి ధారపోస్తే, కోటా దాటాక మిగిలేది 64 కేబీపీఎస్ నత్తనడక. ఆ సందులో మీరొక్కరే పడతారు. హెచ్‌ఆర్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోవాలి. నంబరున్న మెయిలు తెరవడానికీ ఆ నెట్టే కావాలి కదా.

మీ తమ్ముడు ‘యామ్ ఐ విజిబుల్?’నీ అడిగామని చెప్పండి. కిటికీ వీపు వెనక ఉంటే కెమెరా ఆ వెలుగుకి సర్దుకుని మనిషిని నల్లటి నీడగా చూపిస్తుంది. కిటికీ ముఖానికి ఎదురుగా ఉండాలి, కెమెరా కంటి ఎత్తున ఉండాలి; పాత ఇంజనీరింగ్ పుస్తకాలు నాలుగైదు అంగుళాల మేర పేరిస్తే వాటి రుణం తీరుతుంది. ట్యూబ్‌లైటు కింద తెర మీద చారలు పాకితే కెమెరా సెట్టింగ్ 60 హెర్ట్జ్‌లో ఉందేమో చూసి 50కి మార్చాలి, మన కరెంటు 50 గనక. అన్నట్టు, చాట్‌జీపీటీ జవాబులు పక్కన తెరిచి చదివేవాళ్లకో మాట: ఆ తెర మీ కళ్లజోడులో కనబడుతుంది.

‘ఈజ్ మై స్క్రీన్ విజిబుల్?’ మీకు మేనల్లుడనుకుంటా. మ్యాక్‌లో మొదటిసారి స్క్రీన్ షేర్ నొక్కితే అనుమతి అడిగి, యాప్ మూసి తెరవమంటుంది, ఇంటర్వ్యూ మధ్యలో! ముందురోజే ఒకసారి నొక్కి చూసుకుంటే ఆ కుర్రాడికి పనుండదు.

అమెరికా కంపెనీలైతే ఇంకో తంటా. న్యూయార్క్‌లో ఉదయం 11 అంటే వాళ్ల వేసవిలో మనకి రాత్రి 8:30; నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 9:30. ఆ మార్పు మరిచి గంట ముందే వచ్చినవాడికి తోడుగా గదిలో మీరొక్కరే ఉంటారు.

ఇంత చేసినా మీరు పూర్తిగా రోడ్డున పడరు. అవతలివైపు కెమెరా ఆపేసి, ఔటర్ రింగ్ రోడ్డు మీద కారులోంచి ప్రశ్నలడిగే మేనేజర్లున్నారు. వాళ్లకి సలహా ఇచ్చే చొరవ ఎవరికీ లేదు. ‘సార్, మీరు మ్యూట్‌లో ఉన్నారు’ అని చాట్‌లో టైపు చేసి, ముందు ఒక ‘సారీ’ చేర్చి, పంపాలా వద్దా అనుకునేలోపు ప్రశ్న అయిపోతుంది. అక్కడ మీ ఉద్యోగానికి ఢోకా లేదు.

ఇట్లు,
తమ పొట్ట కొట్టదలచిన శ్రేయోభిలాషులు